కాలేజీ ఆటగాడి మీద కేసు పడితే మొదటి ఫోను ఎవరికి వెళ్తుంది?

కృష్ణాతీరం (చర్చను ప్రారంభించినవారు):

అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా అట్లాంటా శివారులో ఉంటున్నాను. మా అబ్బాయి ఈ రాష్ట్రంలోనే ఒక విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర మొదలైన వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు కాబట్టి ఇక్కడి పెద్దల ముందు పెడుతున్నాను.

వాదనకు మూలం ఇక్కడి జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ ఊళ్లో 2023లో జరిగిన కారు ప్రమాదం. జార్జియా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జాతీయ ఛాంపియన్‌షిప్ విజయోత్సవం జరుపుకున్న రాత్రి, తెల్లవారితే జనవరి 15 అనగా, రెండు కార్లు పోటీపడి పరుగెత్తాయి. వాటిలో ఒకటి గంటకు వంద మైళ్లు మించిన వేగంలో అదుపు తప్పింది. అందులో ఉన్న ఒక ఆటగాడు, కారు నడుపుతున్న జట్టు ఉద్యోగిని చనిపోయారు. రెండో కారు నడిపిన జేలన్ కార్టర్ అప్పటికే దేశమంతా తెలిసిన ఆటగాడు. మార్చి 16న అతను నేరాన్ని ఒప్పుకోకుండా, అలాగని కాదని వాదించకుండా కోర్టు నిర్ణయానికి తలవంచాడు. పన్నెండు నెలల ప్రొబేషన్, వెయ్యి డాలర్ల జరిమానా, 80 గంటల సామాజిక సేవ విధించారు. సరిగ్గా ఆరు వారాలకు ఫిలడెల్ఫియా ఈగిల్స్ అనే వృత్తి జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో, అంటే వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, తొమ్మిదో ఎంపికగా తీసుకుంది.

"నాన్నా, ఆ కారులో నేనుంటే మీరు ఈపాటికి ఇల్లు తాకట్టు పెట్టి ఉండేవారు" అని మావాడు అంటాడు. చట్టం అందరికీ ఒకటేనని నేనంటాను. మా ఇద్దరిలో ఎవరు పొరబడుతున్నారు?

నల్లకోటు:

కృష్ణాతీరం గారూ, నేను టెక్సాస్‌లో నిందితుల తరఫున క్రిమినల్ కేసులు వాదిస్తాను కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటే మన్నించండి. మీరు తెచ్చిన ఉదాహరణ మీ అబ్బాయి వాదనకు అంతగా సాయపడదు. అజాగ్రత్తగా నడపడం, రోడ్డు మీద పందెం కట్టడం జార్జియాలో చిన్న నేరాల కిందికి వస్తాయి. అలాంటి అభియోగం ఒక్కోదానికి పన్నెండు నెలలు, వెయ్యి డాలర్లు అనేదే మామూలు గరిష్ఠ పరిమితి. మునుపు శిక్ష పడని ఇరవై ఒకటేళ్ల కుర్రవాడెవరికైనా, కాస్త మంచి వకీలు ఉంటే, దాదాపు ఇంతే పడుతుంది.

అయితే ప్రత్యేక మర్యాద అనేది లేదని నేను అనడం లేదు. దాన్ని జనం శిక్ష దగ్గర వెతుకుతారు, అది జరిగేది అంతకు చాలా ముందు. తీర్పు పదిమంది ముందు వెలువడుతుంది, పత్రికలు చూస్తుంటాయి. ఫిర్యాదు అందిన మొదటి వారంలో డిటెక్టివ్ ఎవరికి ఫోను చేశాడు, ఏ కెమెరా దృశ్యాలు తెప్పించాడు, ఎవరిని అడగకుండా వదిలేశాడు అన్నవి మాత్రం ఎవరికీ కనిపించవు.

మనవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో జిల్లా ప్రాసిక్యూటర్ ఓట్లు వేయించుకుని గెలవాలి, షెరీఫ్ కూడా అంతే. శనివారం వస్తే ఎనభై వేలమంది ఒకే రంగు చొక్కాలు వేసుకుని స్టేడియంకు వెళ్లే ఊళ్లో ఆ ఓట్లు ఎవరివో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్న టాలహసీ సంగతి. అక్కడి ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు ఆటను నడిపించే ప్రధాన ఆటగాడు, జేమిస్ విన్‌స్టన్ మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణ విషయంలో మొదట ఒకటి స్పష్టం చేయాలి. అతను ఆ ఆరోపణను మొదటి నుంచీ ఖండించాడు, అతని మీద అభియోగం నమోదు కాలేదు, విశ్వవిద్యాలయం జరిపిన విచారణలోనూ అతను దోషిగా తేలలేదు. కాబట్టి ఆ రాత్రి ఏం జరిగిందో తేల్చే పని నేను పెట్టుకోను. పోలీసులు ఏం చేశారన్నది మాత్రం రికార్డులో ఉంది. ఫిర్యాదు 2012 డిసెంబరు 7న అందింది. జనవరిలో ఫిర్యాదుదారు అతన్ని గుర్తుపట్టి పేరు చెప్పింది. డిటెక్టివ్ నేరుగా వెళ్లి కలవకుండా ఫోను చేస్తే, బేస్‌బాల్ సాధన ఉంది, తరువాత మాట్లాడతానని జవాబు వచ్చింది. ఆ తరువాత మాట్లాడింది వకీలు. ఆ రాత్రి వాళ్లున్న బారులో ముప్పైకి పైగా కెమెరాలు ఉన్నా ఆ దృశ్యాలను సకాలంలో తెప్పించలేదు. ఫిబ్రవరికల్లా కేసును పక్కన పెట్టేశారు. అదే డిటెక్టివ్ డ్యూటీ లేని వేళల్లో ఆ విశ్వవిద్యాలయ క్రీడలకు నిధులు పోగుచేసే అభిమాన సంస్థకు భద్రతా పని చేసినవాడని తరువాత న్యూయార్క్ టైమ్స్ రాసింది. డీఎన్ఏ నమూనా తీసుకున్నది 2013 నవంబరులో, అంటే పదకొండు నెలల తరువాత. డిసెంబరు 5న ప్రాసిక్యూటర్ విలీ మెగ్స్ సాక్ష్యం చాలదని ప్రకటించాడు. తొమ్మిది రోజులకు విన్‌స్టన్‌కు హైస్‌మన్ ట్రోఫీ, అంటే కళాశాల ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బహుమతి, వచ్చింది. జనవరి 6న ఆబర్న్ మీద 34-31తో జాతీయ ఛాంపియన్‌షిప్ వచ్చింది.

దీనివల్ల నష్టపోయింది ఫిర్యాదుదారు ఒక్కతే కాదు. అతను నిజంగా నిర్దోషి అయితే, ఆ కెమెరా దృశ్యాలు అతనికీ పనికొచ్చేవి.

అంకెలసంచి:

ఒక ఊరి కథను దేశానికంతా అంటగట్టడం నాకు నచ్చదు కాబట్టి, లెక్కల్లో ఏముందో చూద్దాం. క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్ 2015లో పది విశ్వవిద్యాలయాల మీద ఒక పరిశీలన ప్రచురించింది. 2009 నుంచి 2014 వరకు ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు ఉన్న పోలీసు నివేదికలను తిరగేసింది. ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్ల విషయంలో అభియోగం మోపకపోవడమో, మోపినా ఉపసంహరించుకోవడమో దాదాపు 70 శాతం సందర్భాల్లో జరిగింది. పోల్చడానికి తీసుకున్న, అదే ఊరిలోని అదే వయసు యువకుల కేసుల్లో అది 50 శాతం. అంటే తేడా ఉంది, కానీ మామూలు కుర్రవాళ్లలో కూడా సగంమంది బయటపడుతున్నారు.

మిగిలిన ఆ 20 శాతమంతా కుట్ర అనుకోవడం తొందరపాటు. ఆటగాడికి గంటలో వకీలు వస్తాడు. ప్రసిద్ధుడి మీద సాక్ష్యం చెప్పడానికి జనం వెనకాడతారు, ఫిర్యాదు చేసినవారే భయపడి విరమించుకుంటారు. ఇవన్నీ ఎవరూ ఎవరికీ లంచం ఇవ్వకుండానే జరుగుతాయి.

పైగా ఆటగాళ్లంతా నేరస్థులన్న భావన కూడా తప్పే. 2010లో తొలి 25 ర్యాంకుల్లో ఉన్న ఫుట్‌బాల్ జట్ల ఆటగాళ్లు 2,837 మంది పేర్లను స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్, సీబీఎస్ న్యూస్ కలిసి పోలీసు రికార్డుల్లో వెతికితే 204 మందికి, అంటే సుమారు ఏడు శాతానికి, నేర చరిత్ర కనిపించింది. నూటికి మిగిలిన తొంభై మూడుమంది పొద్దున్నే లేచి కసరత్తు చేసి, తరగతికి వెళ్లి, నిద్రపోయేవాళ్లే.

పీడీ మాస్టారు:

గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్న ఆరునెలల్లో ఈ ఫుట్‌బాల్ పిచ్చి కళ్లారా చూశాను. మీరంతా ఆటగాడికి జరిగే మేలు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి, అవతలి పక్షాన ఒక్క మాట చెప్పనివ్వండి.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు టామ్ ఆస్బోర్న్ 1995లో లారెన్స్ ఫిలిప్స్ అనే పరుగు వీరుణ్ణి తిరిగి జట్టులోకి తీసుకున్నాడని ఇప్పటికీ తిడతారు. ఆ కుర్రవాడు పాత స్నేహితురాలిపై చేసిన దాడి దారుణమైనదే, నేను సమర్థించను. అయితే ఆస్బోర్న్ చెప్పిన కారణం ఆలోచించదగినది. తల్లిదండ్రుల నీడ లేక, అనాథాశ్రమం వంటి చోట పెరిగినవాడికి జట్టు తప్ప వేరే కట్టుబాటు లేదని, దాన్ని కూడా లాగేస్తే వాడిక దారికి రాడని ఆయన అన్నాడు. మైదానంలో కాలుపెట్టే హక్కు కోసమే బుద్ధిగా ఉండే పిల్లలను నేను ఎందరినో చూశాను. చిన్న తప్పుకు ఆట మాన్పిస్తే వాడు బాగుపడతాడా, బజారున పడతాడా అన్న ప్రశ్న శిక్షకుడికే తెలుస్తుంది, వకీలుకు తెలియదు.

వేపచెట్టు:

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఫిలిప్స్ కథను మీరు సగంలో ఆపారు. సెప్టెంబరులో అరెస్టయినవాడు సీజన్ ముగియకముందే మైదానానికి తిరిగి వచ్చాడు. 1996 జనవరి 2న ఫ్లోరిడాను 62-24తో ఓడించిన ఫియెస్టా బౌల్‌లో 165 గజాలు పరుగెత్తాడు. ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ ఆరో ఎంపికగా తీసుకుంది. ఆ కట్టుబాటు అతన్ని కాపాడలేదు. తరువాతి నేరాలకు ముప్పై ఏళ్లకు మించిన శిక్ష పడి, 2016 జనవరిలో కాలిఫోర్నియా జైలులోనే చనిపోయాడు. ఆస్బోర్న్ 2000లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ఫిలిప్స్‌కు ఆట అవసరమా, ఆ ఆటకు ఫిలిప్స్ అవసరమా అన్నది అడిగితే తప్పేమీ కాదనుకుంటాను.

నేను ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సహాయ కేంద్రంలో పనిచేస్తున్నాను, పేరు చెప్పను. పోలీసుల సంగతి నల్లకోటు గారు చెప్పారు. నాకు తెలిసింది రెండో ద్వారం, అంటే విశ్వవిద్యాలయం సొంత విచారణ. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం లైంగిక హింస ఫిర్యాదును విశ్వవిద్యాలయం తానుగా విచారించి తీరాలి. ఆ పని చేయాల్సింది క్రీడా విభాగం కాదు. 2014లో సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ 440 విద్యాసంస్థల్లో జరిపించిన సర్వేలో, ఆటగాళ్ల మీద వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల పర్యవేక్షణను ఐదింట ఒక వంతుకు పైగా సంస్థలు క్రీడా విభాగానికే అప్పగించాయని తేలింది. కంచే చేను మేయడమంటే ఇదే. నెల తిరగకుండా కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ అలా చేయరాదని తీర్మానించింది.

బేలర్‌లో జరిగింది చెప్తే విషయం ఇంకా తేటపడుతుంది. టెక్సాస్‌లోని వాకోలో ఉన్న ఆ బాప్టిస్టు విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌లో దశాబ్దాల పాటు అడుగున పడి ఉండేది. 2008లో వచ్చిన ఆర్ట్ బ్రైల్స్ శిక్షణలో 2011లో హైస్‌మన్ ట్రోఫీ, 2013, 2014లో వరుసగా కాన్ఫరెన్స్ (తమ విశ్వవిద్యాలయ జట్ల కూటమి) టైటిళ్లు వచ్చాయి. బ్రాజోస్ నది ఒడ్డున సుమారు 26.6 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త స్టేడియం లేచింది. ఇదే కాలంలో ఒక ఆటగాడికి 2014 జనవరిలో లైంగిక దాడి కేసులో 20 ఏళ్ల శిక్ష పడింది. మరొకడు 2015 ఆగస్టులో దోషిగా తేలాడు. విశ్వవిద్యాలయం నియమించిన పెప్పర్ హామిల్టన్ న్యాయసంస్థ తన నిర్ధారణలను 2016 మేలో ఇచ్చింది. ఫుట్‌బాల్ సిబ్బంది కొన్ని సందర్భాల్లో ఫిర్యాదుదారులను నేరుగా కలిసి మాట్లాడారు. శిక్షణ లేకుండా తామే విచారణ జరిపారు. ఆ సంగతిని సంబంధిత కార్యాలయానికి తెలియజేయలేదు. క్రమశిక్షణ పేరుతో జట్టులో ఒక సొంత వ్యవస్థ నడిచింది.

బ్రైల్స్‌ను తీసేశారు. అధ్యక్ష పదవి నుంచి తొలగించిన వ్యక్తి కెన్ స్టార్, అంటే ఒకప్పుడు బిల్ క్లింటన్ వ్యక్తిగత ప్రవర్తన మీద దర్యాప్తు నడిపిన ఆ స్టారే. తన ప్రాంగణంలో ఏం జరుగుతోందో మాత్రం ఆయన కళ్లబడలేదు. 2021 ఆగస్టులో ఎన్‌సీఏఏ కమిటీ తీర్పు ఇస్తూ, ఆ వైఫల్యాలు ఆమోదయోగ్యం కానివే అయినా క్రీడా విభాగానికి మాత్రమే పరిమితం కాలేదు కాబట్టి తమ నియమాల ఉల్లంఘన కిందికి రావని తేల్చింది. ఊరందరి తప్పు కాబట్టి ఎవరి తప్పూ కాదన్నమాట. తిలాపాపం తలా పిడికెడు.

టీఏ_పూర్వ:

నేను మాస్టర్స్ చదివేటప్పుడు టీచింగ్ అసిస్టెంటుగా ఆటగాళ్లకు గణితం చెప్పాను. వాళ్లకు వేరే చదువు భవనం, వేరే ట్యూటర్లు, వేరే భోజనశాల ఉండేవి. ఒకసారి ఒక ఆటగాడు పరీక్షకు రాకపోతే నేను సున్నా వేశాను. మధ్యాహ్నానికి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ఎవరూ బెదిరించలేదు, చాలా మర్యాదగా మాట్లాడారు. నేను మళ్లీ పరీక్ష పెట్టాను. అదే వారం జ్వరంతో పరీక్ష తప్పిన మన తెలుగు అమ్మాయి డాక్టరు చీటీ తెచ్చుకోవలసి వచ్చింది.

నాకు ఎక్కువగా గుర్తుండేది విన్‌స్టన్ పీత కాళ్ల కథ. 2014 ఏప్రిల్‌లో అతను పబ్లిక్స్ దుకాణంలో 32 డాలర్ల 72 సెంట్ల విలువైన పీత కాళ్లు డబ్బు కట్టకుండా పట్టుకుపోయాడు. అరెస్టు లేదు, 20 గంటల సామాజిక సేవతో సరిపోయింది. దేశమంతా నవ్వుకుంది. 2024లో న్యూజెర్సీలో ఒక సరుకుల దుకాణంలో ఇదే పని చేశారన్న ఆరోపణతో హైదరాబాదు, గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థినులను పోలీసులు అరెస్టు చేసినప్పుడు ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది. ఎవరూ నవ్వుకోలేదు, అందరూ సిగ్గుపడ్డారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల చదువు హోదా రికార్డులను రద్దు చేసినప్పుడు, కొట్టేసిన పాత ట్రాఫిక్ కేసులు ఉన్నవాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. కోర్టులు అడ్డుపడ్డాక ఆ నెలాఖరులో వాటిని పునరుద్ధరించారు. ఒకే దొంగతనానికి ఒకరికి సామాజిక సేవ, ఇంకొకరికి విమానం టిక్కెట్టు అయితే, కృష్ణాతీరం గారూ, మీ అబ్బాయి మాటే నిజమని నేనంటాను.

నల్లకోటు:

టీఏ_పూర్వ గారూ, పీత కాళ్ల విషయంలో చిన్న సవరణ. విన్‌స్టన్‌కు ఇచ్చింది సివిల్ సైటేషన్. తొలిసారి చిన్న నేరం చేసిన పెద్దవాళ్లను అరెస్టు చేయకుండా సామాజిక సేవతో వదిలే ఆ పథకం ఆ కౌంటీలో సాధారణ పౌరులకూ ఉంది. అతని కోసం పుట్టించినది కాదు. అందులో అన్యాయం ఏదైనా ఉంటే, అలాంటి పథకం ఉందని ఎంతమందికి తెలుసు, ఎంతమంది తరఫున ఎవరు అడుగుతారు అన్నదే.

మీ పోలికలో రెండో భాగం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. విదేశీ విద్యార్థికి కోర్టు వేసే శిక్ష కన్నా ఆ తరువాత వచ్చే వీసా చిక్కే పెద్దది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందేమో వకీలు ముందే చెప్పాలని 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వంద డాలర్ల జరిమానాతో పోతుందని సంబరపడి సంతకం పెట్టి, తరువాత నా దగ్గరికి వచ్చిన మనపిల్లలు చాలామంది ఉన్నారు.

డర్హమ్_దారి:

నేను నార్త్ కరోలినాలో ఉంటాను. ఇంతసేపూ ఎవరూ డ్యూక్ పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2006లో ఇక్కడి డ్యూక్ విశ్వవిద్యాలయంలో లాక్రాస్ అనే ఆట ఆడే జట్టులో ముగ్గురి మీద అత్యాచారం కేసు పెట్టారు. జట్టు మిగిలిన సీజన్ రద్దయింది, శిక్షకుడు పదవి వదులుకోవలసి వచ్చింది, ప్రాంగణంలో వాళ్ల బొమ్మలతో గోడపత్రికలు వెలిశాయి. జిల్లా ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్ అప్పుడే ఎన్నికల్లో నిలబడి ఉన్నాడు. నల్లకోటు గారు చెప్పిన ఆ ఓట్లే ఇక్కడ తిరగబడి పనిచేశాయి. నిందితులకు అనుకూలమైన డీఎన్ఏ ఫలితాలను అతను దాచాడు. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించాడు. సాక్ష్యం చాలదని కాకుండా, నిర్దోషులనే అన్నాడు. జూన్‌లో నైఫాంగ్ వకీలు పట్టా రద్దయింది.

ఆటగాడు కావడం కొన్నిసార్లు కవచమైతే, కొన్నిసార్లు అదే వీపుమీద గీసిన గురి అవుతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాడు టెరెన్స్ షానన్ సంగతి దీనికి దగ్గరి ఉదాహరణ. 2023 డిసెంబరులో కాన్సస్‌లో అతని మీద అత్యాచారం అభియోగం నమోదైతే విశ్వవిద్యాలయం వెంటనే సస్పెండ్ చేసింది. అతను ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. ఆరు ఆటలు పోయాక జనవరిలో న్యాయమూర్తి అతన్ని ఆడనివ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. జూన్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఆ నెలలోనే వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 27వ ఎంపికగా వెళ్లాడు. విశ్వవిద్యాలయం వాదనే నెగ్గి ఉంటే, చేయని తప్పుకు అతని సీజన్ పోయేది. అప్పుడు మనమే "చూశారా, ఈసారి క్రీడా విభాగం నిక్కచ్చిగా వ్యవహరించింది" అని మెచ్చుకుని ఉండేవాళ్లం.

వేపచెట్టు:

డ్యూక్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. షానన్ కేసును నేను కాదనను. కానీ కోర్టు దగ్గర అతను గెలిచిన వాదన ఏమిటో గమనించండి. ఆటగాడి పేరు, బొమ్మ మీద వచ్చే ఆదాయం, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో దక్కబోయే స్థానం పోతాయని, ఆ నష్టం తరువాత పూడ్చలేనిదని అతని వకీళ్లు వాదించారు. ఇదే ఆరోపణ మీద సస్పెండ్ అయిన రసాయనశాస్త్ర విద్యార్థి ఎవరైనా ఇన్ని వారాల్లో ఫెడరల్ ఉత్తర్వు తెచ్చుకోగలడా? అతనికి దక్కిన న్యాయం తప్పు అనడం లేదు. అది అందరికీ అంతే వేగంగా దక్కదు అంటున్నాను.

నిర్వాహకులు:

సభ్యులకు మనవి. ఈ కేసుల్లో ఫిర్యాదు చేసినవారి పేర్లు కొన్ని బహిరంగంగా దొరికినా ఇక్కడ రాయవద్దు. ఒక సభ్యుడి వ్యాఖ్యలో ఉన్న పేరును తీసివేశాం. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

అంకెలసంచి:

జాతి ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. స్టాన్‌ఫర్డ్ ఈతగాడు బ్రాక్ టర్నర్ లైంగిక దాడికి సంబంధించిన మూడు తీవ్ర నేరాల్లో దోషిగా తేలాడు. ప్రాసిక్యూటర్ ఆరేళ్ల జైలు అడిగితే 2016 జూన్‌లో న్యాయమూర్తి ఆరన్ పెర్స్కీ ఆరు నెలలు వేశాడు. టర్నర్ మూడు నెలలకే బయటికి వచ్చాడు. నెల తిరగ్గానే జులైలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు కోరీ బేటీకి అలాంటి నేరానికే 15 ఏళ్లు పడింది. ఒకరు తెల్లవారు, ఇంకొకరు నల్లవారు కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎన్నో వ్యాసాలు వచ్చాయి.

ఆ పోలికలో ఒక లోపం ఉంది. టెన్నెసీలో ఆ నేరానికి కనిష్ఠ శిక్షే 15 ఏళ్లు, అక్కడి న్యాయమూర్తికి తగ్గించే వీలు లేదు. కాలిఫోర్నియా చట్టంలో ఆ వెసులుబాటు ఉండేది. టర్నర్ తీర్పు తరువాత అదే ఏడాది సెప్టెంబరులో దాన్ని మూసేశారు, 2018లో ఓటర్లు పెర్స్కీని పదవి నుంచి దించేశారు. ఇంత చెప్పినా ఒక సంగతి మిగులుతుంది. వెసులుబాటు ఉన్నచోట అది ఎవరిని చూస్తే న్యాయమూర్తికి గుర్తుకొచ్చింది? ఈ ప్రశ్నకు నా దగ్గర లెక్క లేదు.

వాండర్‌బిల్ట్ నలుగురు ఆటగాళ్లను అభియోగాలకు ముందే జట్టు నుంచి తీసేసిందని, వసతిగృహం కెమెరా దృశ్యాలు చూసి పోలీసులను పిలిచింది విశ్వవిద్యాలయమేనని కూడా చెప్పడం న్యాయం. టాలహసీలో జరగనిది నాష్‌విల్‌లో జరిగింది. కెమెరాలు రెండుచోట్లా ఉన్నాయి.

టీఏ_పూర్వ:

కెమెరా అంటే గుర్తొచ్చింది. ఓక్లహామా ఆటగాడు జో మిక్సన్ 2014 జులైలో ఒక యువతిని ఒక్క గుద్దుతో పడగొట్టాడు. ఆమె ముఖంలో ఎముకలు విరిగాయి. ఒక సీజన్ సస్పెన్షన్, 100 గంటల సామాజిక సేవ అయ్యాక స్కాలర్‌షిప్‌తో సహా తిరిగి వచ్చాడు. వీడియో ఉందని అందరికీ తెలుసు, కొందరు చూశారు కూడా. ప్రసార సంస్థలు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోరాడాక 2016 డిసెంబరులో అది బయటపడింది. ఇప్పుడైతే జట్టు నుంచి తీసేయడం తప్ప దారి లేదని అప్పుడు శిక్షకుడు బాబ్ స్టూప్స్ అన్నాడు. రెండున్నరేళ్లలో మారింది గుద్దు కాదు, దాన్ని చూసినవాళ్ల సంఖ్య. మిక్సన్ తరువాతి వసంతంలో డ్రాఫ్ట్‌కు వెళ్లి రెండో రౌండులో ఎంపికయ్యాడు.

పీడీ మాస్టారు:

రెండు రోజులుగా మీరు రాసినవన్నీ చదువుతున్నాను. ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను రెండుసార్లు పోలీస్ స్టేషనుకు వెళ్లి మా కబడ్డీ ఆటగాళ్లను విడిపించుకొచ్చాను. అందులో ఒకటి అంతర విశ్వవిద్యాలయ పోటీలకు నాలుగు రోజుల ముందు. బస్టాండు దగ్గర జరిగిన కొట్లాటలో మావాడు ఇంకో కుర్రవాణ్ణి చెయ్యి విరిగేలా కొట్టాడు. ఎస్సై నా పాత విద్యార్థి, నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. టీ తాగి, కాగితం మీద సంతకం పెట్టి, కుర్రవాణ్ణి స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చాను. ఆ సంవత్సరం మేము సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఆ ఆటగాడు తరువాత క్రీడాకోటాలో ఉద్యోగం తెచ్చుకుని, పిల్లలతో చల్లగా ఉన్నాడు, ఇప్పటికీ సంక్రాంతికి వచ్చి కాళ్లకు దండం పెడతాడు. అది చూసి నేను చేసింది సరైన పనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను.

చెయ్యి విరిగిన కుర్రవాడు ఆ రోజు స్టేషను బయట అరుగు మీద వాళ్ల నాన్నతో కూర్చుని ఉన్నాడు. వాడి పేరు నాకు తెలియదు. నేను అడగలేదు.

కృష్ణాతీరం:

మాస్టారూ, మీరు రాసింది మా అబ్బాయికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నేను మొదట అడిగిన ప్రశ్నను ఇప్పుడు మార్చుకుంటున్నాను. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా వాళ్లకు డబ్బు పంచే వీలు కలిగింది, మొదటి ఏడాది (2025-26) పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఇంత డబ్బు పెట్టినవాళ్లు ఆటగాడు కేసులో ఇరుక్కుంటే అతన్ని మరింత కాపాడతారా, లేక ఉద్యోగిని తీసేసినట్టు వెంటనే వదిలించుకుంటారా?

నల్లకోటు:

రెండూ జరుగుతాయనుకుంటాను, ఆటగాడి విలువను బట్టి. ఒప్పందాల్లో ప్రవర్తన షరతులు రాస్తున్నారు కాబట్టి బెంచి మీద కూర్చునేవాణ్ణి వదిలించుకోవడం సులువవుతుంది. అసలైన తార విషయంలో ఆ షరతును ఎవరు అమలు చేస్తారన్నది వేరే మాట. ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయ జట్ల కూటమి అయిన ఆగ్నేయ కాన్ఫరెన్స్ 2015లోనే తీవ్ర నేరాలకు ఇతరచోట్ల తొలగించినవాళ్లను తీసుకోరాదని నియమం పెట్టుకుంది. 2017లో ఇండియానా విశ్వవిద్యాలయం లైంగిక హింస కేసుల్లో దోషులుగా తేలినవారిని తన జట్లకు అనర్హులను చేసింది. ఈ నియమాలు మంచివే. అయితే ఇవన్నీ తీర్పు వచ్చాక, లేదా కనీసం తొలగించాక పనిచేసేవి. తీర్పు దాకా రాని కేసులకు ఇవేవీ వర్తించవు. మనం ఇక్కడ మాట్లాడుకున్న విన్‌స్టన్ కేసు అలాంటిదే.

వేపచెట్టు:

కృష్ణాతీరం గారూ, మీ అబ్బాయి ఉన్నది వసతిగృహంలో కాబట్టి ఒక చిన్న మాట. అతనికో, అతని స్నేహితుల్లో ఎవరికో ఇలాంటి అన్యాయం జరిగితే, నిందితుడు ఎవరన్న సంగతి తరువాత. ఆసుపత్రిలో ఫోరెన్సిక్ పరీక్షకు చాలా రాష్ట్రాల్లో 72 నుంచి 120 గంటల గడువే ఉంటుంది, పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకోకముందే ఆ పరీక్ష చేయించుకోవచ్చు. బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టాలి. దగ్గర్లో బారు గానీ దుకాణం గానీ ఉంటే కెమెరా దృశ్యాలను భద్రపరచమని ఆ రోజే పోలీసులను రాతపూర్వకంగా అడగాలి, ఎందుకంటే చాలాచోట్ల కొద్ది వారాల్లో వాటి మీద కొత్తవి రికార్డు అయిపోతాయి.

నల్లకోటు:

పోలీసుల ఫోను మీ అబ్బాయికే వస్తే, మర్యాదగా పేరు చెప్పి, వకీలుతో మాట్లాడాక వస్తానని అనమనండి. విన్‌స్టన్ తరఫున చివరికి మాట్లాడిందీ వకీలే, అందులో తప్పేమీ లేదు, అది అందరి హక్కు. మీరు పౌరులా, గ్రీన్ కార్డు దశలో ఉన్నారా నాకు తెలియదు గానీ, వీసా మీద ఉన్నవాళ్లు దేని మీదా సంతకం పెట్టకముందు ఇమ్మిగ్రేషన్ వకీలును కూడా అడగాలి.

కృష్ణాతీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మావాడి గదిలో ఉండే కుర్రవాడు విశ్వవిద్యాలయ జట్టు ఆటగాడే. ఎప్పుడైనా చిక్కు వస్తే ఫోను చేయమని మొదటి రోజే వాళ్లకు ఒక నంబరు ఇచ్చారట, అర్ధరాత్రి అయినా ఎత్తుతారట. మావాడి ఫోనులో అలాంటి నంబరు ఇప్పటిదాకా ఒక్కటే ఉంది, అది నాది. ఈ రాత్రి ఇంకో రెండు పంపిస్తున్నాను.